పేరు, అట్ట: సొంతంగా పుస్తకం వేసుకునేవారు అచ్చుకు ముందు చేయవలసిన పనులు

నా మొదటి పుస్తకానికి "హరిత స్వప్నం" అని పేరు పెట్టాను. చెన్నై వేళచ్చేరిలో మా మిద్దె మీద పన్నెండేళ్ళుగా ఆకుకూరలు పండించిన అనుభవమంతా అందులో ఉంది. ఉప్పగా ఉండే బోరు నీళ్ళతో గోంగూరను ఎలా బతికించుకోవాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో కుండీలు కుళ్ళకుండా ఏం చేయాలి, మే నెల ఎండకు తోటకూర ఎందుకు ముదిరిపోతుంది, ఇవన్నీ రాశాను. అట్ట మీద మాత్రం పొగమంచులో ఒక చెట్టు, దాని పక్కన సన్నని అక్షరాల్లో పేరు. నందనం వై.ఎం.సి.ఎ. మైదానంలో జనవరిలో జరిగే పుస్తక ప్రదర్శనలో తెలిసినవారు తమ స్టాల్లో ఒక మూల ఇరవై ప్రతులు పెట్టుకోనిచ్చారు. ఒక పెద్దావిడ పుస్తకం చేతిలోకి తీసుకుని, ముందూ వెనుకా తిప్పి చూసి, "కవిత్వమా అమ్మా?" అని అడిగారు. "కాదండీ, మిద్దె మీద ఆకుకూరలు పెంచడం గురించి" అన్నాను. "ఆ మాట పైన రాయలేదేమమ్మా!" అంటూ అప్పుడు తెరిచి చూసి కొన్నారు.

అందరూ అలా ఆగి అడగరు. కథలకూ నవలలకూ పేరులో కొంత మర్మం ఉన్నా చెల్లుతుంది. వంట, సాగు, పన్నులు, పిల్లల చదువు, ఆరోగ్యం వంటి విషయాల పుస్తకం కొనేవారు ఒక అవసరంతో వస్తారు. "ఇది నాకు పనికొస్తుందా?" అన్న ప్రశ్నకు అట్టే జవాబు చెప్పాలి. తెలుగు రాష్ట్రాల బయట ఉన్న మనకు ఇది మరీ ముఖ్యం. చెన్నైలో తెలుగు పుస్తకాల కొట్లు తక్కువ. మన పుస్తకాన్ని చాలామంది మొదటిసారి చూసేది వాట్సాప్‌లో ఎవరో పంపిన బొమ్మలోనో, ఫోనులో తెరిచిన అమ్మకపు పేజీలోనో. అక్కడ మన అట్ట బొటనవేలి గోరంత ఉంటుంది. కింద చెప్పే పనులన్నీ ఆ గోరంత చోటును మనసులో పెట్టుకుని చెబుతున్నవే.

ముందు పేరు ఖాయం చేసుకోండి

అట్ట వేసేవారి దగ్గరికి వెళ్ళకముందే పేరు తేలిపోవాలి. ఒక కాగితం మీద ఇరవై పేర్లు రాయండి. మొదటి ఐదారు ఎవరికైనా తట్టేవే వస్తాయి. పదో పేరు దాటాక అసలు మాట బయటపడుతుంది. మీ పుస్తకం దేని గురించని పక్కింటివారు అడిగితే ఏ మాటల్లో చెబుతారో ఆ మాటల్నే రాయండి. ఆ పెద్దావిడకు నేను చెప్పిన జవాబులోనే పేరు ఉంది. రెండో ముద్రణకు "మిద్దె మీద ఆకుకూరలు" అని పెట్టాను. దాని కింద ఉపశీర్షిక: "ఇరవై కుండీలు, ఉప్పు నీళ్ళు, చెన్నై ఎండ".

పేరు విషయాన్ని చెబితే చాలు. ఎవరికి, ఎక్కడ, ఎంతలో అన్నవి ఉపశీర్షిక చూసుకుంటుంది. ఈ రెండింటి పనీ ఒక్క పేరు మీదే వేస్తే అది నోట పట్టదు. ఉపశీర్షికలో చెన్నై పేరు ఉంటే విజయవాడవారు కొనరేమోనని కొందరు మిత్రులు భయపెట్టారు. నేను తీసేయలేదు. నెల్లూరు నుంచీ ఒంగోలు నుంచీ ఫోను చేసినవారు "మా నీళ్ళూ ఉప్పేనండీ" అన్నారు. ఫలానావారి కష్టం గురించి రాశామని తెలిస్తే అదే కష్టం ఉన్నవారు ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తారు.

బెంగళూరు చిక్‌పేటలో బట్టల కొట్ల లెక్కలు చూసే మిత్రుడొకరు తన పుస్తకానికి "వాణిజ్య గణన దర్శిని" అనుకున్నారు. దీపిక, దర్శిని, సర్వస్వం, చంద్రిక వంటి మాటలు పాతతరం ప్రచురణకర్తలు వావిళ్లవారి కాలం నుంచీ మన పుస్తకాల పేర్ల చివర ఉన్నవే, వాటి మీద నాకు గౌరవం ఉంది. ఈనాటి పాఠకుడికి మాత్రం అవి పూజా పుస్తకాన్నో పరీక్షల గైడునో గుర్తుచేస్తాయి. మీ పుస్తకం ఆ కోవలోదైతే నిస్సంకోచంగా వాడండి. ఆయన పుస్తకం కొట్టు యజమానుల కోసం. చివరికి "కొట్టు లెక్కలు" అని పెట్టి, కింద "జీఎస్టీ కట్టే చిన్న వ్యాపారులకు నెలవారీ పద్దుల పద్ధతి" అని రాశారు. పాత పేర్లలో పాఠం నేర్చుకోవాలంటే "పెద్ద బాలశిక్ష" ఉంది. ఎంత పుస్తకమో, ఎవరికోసమో, ఏం చేస్తుందో మూడు మాటల్లో తేల్చేసిన పేరు అది.

ఐదారు పేర్లు మిగిలాక ఫోను పరీక్ష పెట్టండి. బంధువుల్లో ఒకరికి ఫోను చేసి పేరు ఒక్కసారే చెప్పి, విన్నది విన్నట్టు రాసి పంపమనండి. తప్పు రాసి పంపారంటే లోపం పేరులోనే ఉంది. అమ్మకపు పేజీలో వెతికేవారూ అలాగే తప్పు రాస్తారు. అందుకే ఇంటర్నెట్‌లో పుస్తకం వివరాలు నింపేటప్పుడు పేరును తెలుగు లిపిలోనూ ఇంగ్లీషు లిపిలోనూ ఇవ్వండి. మాటలు కలిపి రాసే అలవాటు కొందరిది, విడదీసి రాసే అలవాటు కొందరిది. "మిద్దెతోట", "మిద్దె తోట" రెండూ వివరణలో ఎక్కడో ఒకచోట ఉండాలి.

అదే పేరుతో మరో పుస్తకం ఉందేమో వెతకండి. పేరుకు కాపీరైటు ఉండదని సుప్రీంకోర్టు 2015లో ఒక తీర్పులో స్పష్టం చేసింది. అయినా ఒకే విషయం మీద ఒకే పేరుతో రెండు పుస్తకాలుంటే పాఠకుడు పొరపడతాడు, మీరు చేసిన ప్రచారం అవతలి పుస్తకాన్ని అమ్మిపెడుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. విషయసూచికను పక్కన పెట్టుకుని ఉపశీర్షికలోని ఒక్కో మాటకూ ఏ అధ్యాయం బాధ్యత వహిస్తుందో చూడండి. బాధ్యత తీసుకునే అధ్యాయం లేని మాటను కొట్టేయండి. "నెల రోజుల్లో చక్కెర వ్యాధి మాయం" వంటి పేర్లు జబ్బుతో ఉన్న మనిషిని మోసగిస్తాయి. అలాంటి పేరుతో ఎన్ని ప్రతులు అమ్ముడుపోయినా అది అమ్మకం అనిపించుకోదు.

అక్షరాన్నే బొమ్మగా చూడండి

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ఈ రెండింటికీ చోటు వదలగా అసలు అక్షరానికి మిగిలే ఎత్తు తక్కువ. ఇంగ్లీషు పుస్తకాల అట్టలు చూసి అంతే సైజులో తెలుగు పేరు పెడితే అది నలిగినట్టు కనిపిస్తుంది. అట్ట వెడల్పులో ఐదింట నాలుగు వంతులు పేరుకే ఇవ్వండి. పేరు రెండు వరుసలైతే పై వరుస ఒత్తులు కింది వరుస గుళ్ళకు తగలకుండా చూడాలి. "మిద్దె మీద" అన్న వరుసలో ద ఒత్తు కిందికి దిగుతుంది. అదృష్టవశాత్తూ కింది వరుసలోని "ఆకుకూరలు" అన్న మాటలో పైకి పొడుచుకొచ్చే గుడి ఒక్కటీ లేదు. అందువల్ల రెండు వరుసలనూ దగ్గరగా పేర్చి అక్షరాలను ఇంకాస్త పెంచగలిగాను. మీ పేరును ఎక్కడ విరవాలో నిర్ణయించేటప్పుడు అర్థంతో పాటు దీన్నీ చూసుకోండి.

ఖర్చు లేకుండా దొరికే మంచి ఫాంట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న రామభద్ర బరువైన అక్షరం, పేరుకు బాగుంటుంది. మండలి, సూరన్న ఉపశీర్షికకు సరిపోతాయి. అనెక్ తెలుగులో సన్నం నుంచి లావు దాకా అన్ని మందాలూ దొరుకుతాయి. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చినవి, అమ్మే పుస్తకాల మీద వాడుకోవచ్చు. ఒక అట్ట మీద రెండు ఫాంట్లకు మించవద్దు. అక్షరాలకు నీడలు, మెరుపులు, చుట్టూ గీతలు పెట్టనివ్వకండి. గోరంత సైజులో అవన్నీ కలిసిపోయి ఒత్తులను మింగేస్తాయి. బాపు చేతిరాతను తలపించే అక్షరాలంటే మనందరికీ ఇష్టమే. కానీ ఆ వంపు కనబడగానే తెలుగువారి మనసు కథల వైపూ హాస్యం వైపూ పోతుంది. పద్దుల పుస్తకానికి అది నప్పదు.

ఇప్పుడు, చెన్నైలో అట్ట వేయించుకునే ప్రతి తెలుగువారికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. రాయపేటలో ఒక చిన్న డి.టి.పి. కేంద్రంలో నా రెండో అట్ట చేయించాను. అక్కడి కుర్రాడు తమిళుడు, పని చక్కగా చేస్తాడు, తెలుగు చదవలేడు. మొదటి ప్రూఫులో "మిద్దె" బదులు "మిద్‌దె" అని వచ్చింది. ద మీద పొల్లు నిలబడి ఉంది, దాని పక్కన ఇంకో దె. ఒత్తు లేదు. చూపిస్తే, "రెండూ ఒకటే కదా అక్కా?" అన్నాడు. అతని తప్పు కాదు. తమిళంలో జంట అక్షరాలను అలా పుల్లి పెట్టి పక్కపక్కనే రాస్తారు, అతని కంటికి అది సరిగ్గానే ఉంది. లోపం అక్షరాల అమరికలో ఉంది. పేజీలు అమర్చే ఇన్‌డిజైన్‌ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు సరిగా రావాలంటే వరల్డ్ రెడీ కంపోజర్ అన్న అమరికను ఎంచుకోవాలి. ఫోటోషాప్‌లో కూడా భారతీయ లిపులకు తగిన అమరికను ఎంచుకుంటేనే ఒత్తులు కిందికి దిగుతాయి.

అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఇది. పేరు, ఉపశీర్షిక, వెనుక అట్ట మీది మాటలు అన్నిటినీ ఇంటి దగ్గరే యూనికోడ్‌లో (ఏ ఫోనైనా కంప్యూటరైనా చదవగలిగే అక్షర పద్ధతిలో) టైపు చేసి, పెద్ద అక్షరాల్లో పీడీఎఫ్ తీసి, కాగితం మీద అచ్చు వేసి, ప్రతి ఒత్తు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఇస్తాను. "చదవనవసరం లేదు తమ్ముడూ, ఈ సున్నాల్లో ఉన్న ఆకారాలు నీ తెర మీద ఉన్నాయో లేవో చూస్తే చాలు" అని చెబుతాను. చిక్‌పేట మిత్రుడి అట్ట వేసింది కన్నడిగుడు. లిపులు దగ్గరివి కాబట్టి ఇబ్బంది ఉండదనుకున్నారు. ప్రూఫులో "పద్దుల పద్దతి" అని వచ్చింది. మొదటి మాటలో ద కింద ద ఒత్తు, రెండో మాటలో ధ ఒత్తు ఉండాలి. ఆయన దాన్ని మూడోసారి చదివినప్పుడు పట్టుకున్నారు. "సాఫ్ట్‌వేర్" వంటి ఇంగ్లీషు మాటలు పేరులో ఉంటే మరింత జాగ్రత్త. పొల్లు దగ్గర విడదీసే గుర్తు పడకపోతే "సాఫ్ట్వేర్" అయిపోతుంది.

ఇంకా చాలా కేంద్రాల్లో యూనికోడ్ కాని "అను" ఫాంట్లతో పని చేస్తారు. అచ్చుకు ఇబ్బంది లేదు, కానీ ఆ అక్షరాలను అలాగే తీసి అమ్మకపు పేజీలో అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. అక్కడ మళ్ళీ యూనికోడ్‌లో టైపు చేయాలి.

బొమ్మ ఒక్కటి చాలు

రెండో అట్టకు పాత పెయింటు డబ్బాలో పెరిగిన ఎర్ర గోంగూర మొక్కను, సున్నం వేసిన మా పిట్టగోడ ముందు పెట్టి ఫోటో తీశాం. తెల్లని గోడ, ఎర్రని కాడలు, అంతే. పది కూరల బొమ్మలు పేర్చి ఉంటే గోరంత సైజులో ఏదీ కనబడేది కాదు. పుస్తకంలోని ఒక్క నిజమైన వస్తువును దగ్గరగా చూపించండి. కొట్టు లెక్కలకు ఎర్ర బట్ట అట్ట వేసిన పద్దు పుస్తకం పెట్టారు. అంతకంటే ఏం కావాలి?

ఇంటర్నెట్‌లో కనబడిన బొమ్మను తీసుకుని వాడకండి. మన దేశంలో చిత్రకారుడు మరణించిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ళ పాటు ఆయన బొమ్మల మీద హక్కు వారసులకు ఉంటుంది. బాపు 2014లో కన్నుమూశారు, కాబట్టి ఆయన గీసిన బొమ్మకు 2074 చివరి దాకా అనుమతి కావాలి. అందరూ వాడుతున్నారు కదా అన్నది సమాధానం కాదు. కంప్యూటర్ సృష్టించే బొమ్మలు వాడదలచుకుంటే వాడండి, కానీ దానితో తెలుగు అక్షరాలు రాయించవద్దు, చాలాసార్లు అక్షరాల్లా కనబడే గీతలు వస్తాయి. ఇక ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపండి.

రంగు విషయంలో నా మొదటి అట్ట నన్ను ఏడిపించింది. తెర మీద లేత చిలకపచ్చగా మెరిసిన రంగు కాగితం మీద ఎండుటాకులా దిగింది. తెర వెలుగుతో రంగులు చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు సిరాలను కలిపి రంగు తెస్తుంది. బాగా మెరిసే పచ్చలు, నారింజలు ఆ నాలుగింటికీ అందవు. ఫైలును మొదటి నుంచీ సీఎంవైకేలోనే, అంటే ఆ నాలుగు సిరాల పద్ధతిలోనే, తయారు చేయమనండి. మ్యాట్ లామినేషన్ రంగును ఇంకాస్త తగ్గిస్తుందని కూడా గుర్తుంచుకోండి. ముదురు రంగు మీద తెల్లని సన్న అక్షరాలు వద్దు, సిరా పాకి ఒత్తులు పూడిపోతాయి. పేరుకూ వెనుక రంగుకూ తేడా చాలినంత ఉందో లేదో తెలుసుకోవడానికి చవకైన పరీక్ష ఉంది. అట్టను నలుపు తెలుపులో జిరాక్స్ తీయించండి. అందులో పేరు తేటగా కనబడితే సరే.

కొలతలు, కాగితం

డెమ్మీ సైజు పుస్తకం 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు, అంటే సుమారు 140, 216 మిల్లీమీటర్లు. ముందు అట్ట, వెన్ను, వెనుక అట్ట మూడూ ఒకే ఫైలుగా ఉండాలి. వెన్ను మందం కాగితాన్ని బట్టి మారుతుంది. 160 పేజీలంటే 80 ఆకులు. 80 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువున్న) మాప్లిథో కాగితం ఆకు సుమారు 0.1 మిల్లీమీటరు ఉంటుంది కాబట్టి వెన్ను 8 మిల్లీమీటర్లు. అప్పుడు మొత్తం వెడల్పు 140, 8, 140 కలిపి 288. కటింగులో పోవడానికి నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి, కాబట్టి ఫైలు 294 వెడల్పు, 222 ఎత్తు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అది సుమారు 3,470, 2,620 పిక్సెళ్ళు. ఈ లెక్కను నమ్ముకుని ఊరుకోవద్దు. ప్రెస్సువారు వాడబోయే కాగితాన్నే 80 ఆకులు అడిగి తీసుకుని, గట్టిగా నొక్కిపెట్టి స్కేలుతో కొలవండి. బెంగళూరులోని పోతీ, చెన్నైలోని నోషన్ ప్రెస్ వంటి చోట్ల అడిగినన్ని ప్రతులే వేయించుకునేటట్లయితే వారిచ్చే కొలతలనే పాటించండి.

వెన్ను మీద పేరు పైనుంచి కిందికి సాగాలి. అలా ఉంటే పుస్తకాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టినప్పుడు పేరు నిటారుగా చదవవచ్చు. వెన్ను మీద పేరు, రచయిత పేరు తప్ప ఇంకేమీ వద్దు.

అట్టకు 300 జి.ఎస్.ఎం. ఆర్ట్ కార్డు వాడేవారు ఎక్కువ. చెన్నై గాలిలోని తేమకు ఒకవైపు లామినేషన్ వేసిన అట్ట అప్పడంలా పైకి లేస్తుంది. కార్డులోని నార, అంటే దాని పోగులు సాగే దిశ, వెన్నుకు సమాంతరంగా ఉంటే ఈ బాధ తగ్గుతుంది. ఈ ఒక్క విషయం ప్రెస్సువారితో ముందే మాట్లాడుకోండి.

వెనుక అట్ట

ఇక్కడ పొగడ్తలకంటే పుస్తకంలోని పనికొచ్చే సంగతులే ఎక్కువ అమ్ముతాయి. ఎనభై నుంచి వంద మాటలు చాలు. మొదటి వాక్యంలో పాఠకుడి ఇబ్బంది, తర్వాత పుస్తకంలో దొరికే నాలుగు సంగతులు, చివర ఈ విషయం రాయడానికి మీకున్న అర్హత ఒక్క వాక్యంలో. "పన్నెండేళ్ళుగా వేళచ్చేరిలో మిద్దె తోట పెంచుతున్నారు" అన్న మాట ఏ బిరుదుకంటేనూ బలమైనది. అక్షరాలు 11 పాయింట్లకు తగ్గవద్దు. ఆకుకూరలు పెంచే తీరిక ఉన్నవారిలో చాలామందికి కళ్ళద్దాలు ఉంటాయి.

పుస్తకాన్ని గుర్తించే ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. రచయిత సొంతంగానే దరఖాస్తు చేసుకోవచ్చు. అచ్చుకు చాలా ముందే పెట్టుకోండి. బార్‌కోడ్ కనీసం 30 మిల్లీమీటర్ల వెడల్పు, 21 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. తెల్లని డబ్బాలో నల్లని గీతలు. అందం కోసం ఎర్ర గీతలు పెట్టారంటే, స్కానరు వెలుగు కూడా ఎర్రదే కాబట్టి దానికి ఏమీ కనబడదు. ముద్రణ మారుస్తూ పేరు కూడా మారిస్తే కొత్త సంఖ్య తీసుకోవాలి. నేను రెండోసారి అదే చేశాను.

అచ్చుకు సరే అనే ముందు

అట్టను ఫోనులో బొటనవేలి గోరంతకు తగ్గించి, ఈ పుస్తకం గురించి ఏమీ తెలియని ముగ్గురికి చూపించండి. "బాగుందా?" అని అడగవద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. "ఇది దేని గురించి? ఎవరు కొంటారు?" అని అడగండి. ముగ్గురిలో ఇద్దరు తడబడితే ప్రెస్సుకు పంపకండి. కనీసం ఇద్దరు సరిగ్గా చెప్పాక ఐదు ప్రతులు డిజిటల్ ముద్రణలో వేయించి, ఒకటి వారం పాటు వంటింటి బల్ల మీద వదిలేయండి. అట్ట లేస్తోందా, లామినేషన్ అంచు ఊడుతోందా, వెన్ను మీది పేరు పక్కకు జారిందా అన్నీ అప్పుడు తెలుస్తాయి.

చివరి ప్రూఫు తెలుగు బాగా చదవగలిగిన, మీరు కాని మరొకరి చేత చదివించండి. తర్వాత అక్షరాలన్నిటినీ కర్వ్స్‌లోకి, అంటే గీసిన ఆకారాల్లోకి, మార్చమనండి, అప్పుడు ప్రెస్సులో ఆ ఫాంటు లేకపోయినా ఒత్తులు చెదరవు. మార్చిన తర్వాత కూడా ఒకసారి చూడాలి. డబ్బు పూర్తిగా చెల్లించే ముందు అట్ట వేసినవారి దగ్గర నుంచి నాలుగు ఫైళ్ళు తీసుకోండి: అచ్చుకు వెళ్ళే పీడీఎఫ్, మార్పులు చేసుకోవడానికి వీలున్న అసలు ఫైలు, అమ్మకపు పేజీలకు ముందు అట్ట ఒక్కటే ఉన్న బొమ్మ, కత్తిరించని అసలు ఫోటో. నా మొదటి అట్ట తాలూకు అసలు ఫైలు నేను అడగలేదు. రెండేళ్ళ తర్వాత ధర మార్చాలని వెళ్తే ఆ కేంద్రమే మూతపడింది.